టైటిల్సులో పేరు పడని తుపాకి

సినిమాలో తుపాకి కూడా ఒక నటుడే అంటాన్నేను. హీరోగారి చేతికొస్తే మంచిదవుతుంది, విలన్ చేతికెళితే చెడ్డదవుతుంది. క్లైమాక్సులో అది పేలకపోతే నిర్మాత పేలిపోతాడు. ఇంత పని చేసినా దాని పేరు ఏ టైటిల్ కార్డులోనూ పడదు. మన ప్రేక్షక మహాశయులు మాత్రం జాలిపడి అన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టేశారు: స్టెన్‌గన్! డెన్‌లో గూండాలు భుజాన వేసుకు తిరిగేదీ స్టెన్‌గనే, సరిహద్దులో జవాను ఇసుక బస్తాల వెనక బోర్లా పడుకుని పేల్చేదీ స్టెన్‌గనే.

పోయిన నెల ఏదో పని మీద కామారెడ్డి వెళ్ళాను. మొదటి ఆట వదిలారు. స్టేషన్ రోడ్డులో చాయ్ బండి దగ్గర నలుగురు కుర్రాళ్ళు అప్పుడే చూసొచ్చిన యుద్ధం సీను మీద యుద్ధం చేసుకుంటున్నారు.

"గది స్టెన్‌గనే రా, జర్ర కండ్లు తెర్సి చూస్తే ఎర్కైతది."

"ఏం స్టెన్‌గన్ రా! స్టెన్‌గన్‌కు మేగ్జిన్ పక్కకు ఉంటది. గిది మీదికెల్లి ఉన్నది. గిది బ్రెన్."

వాళ్ళలో ఎల్లారెడ్డి నుంచి వచ్చిన కుర్రాడొకడు అప్పటిదాకా మాట్లాడకుండా చాయ్ తాగుతున్నాడు. నేను పత్రికలకు రాస్తానని ఎవరో చెప్పగానే నావైపు తిరిగాడు.

"అన్నా, మా ముత్తాత మిలట్రీల చేసిండు, జర్మనోళ్ళ లడాయిల. ఆయన పట్టింది వీబీ గన్ అంట. మా తాత చెప్తుండె. వీళ్ళేమో వీబీ లేదు గీబీ లేదు, మీ ముత్తాత ఉత్తగ కోతలు కోసిండని నవ్వుతున్నరు. సిన్మలల్ల యాడ లేదు, గేముల్ల గూడ యాడ దొర్కలే. మీరైన చెప్పుండ్రి అన్నా, గసోంటి తుపాకి ఉన్నదా లేదా?"

"ఉంది తమ్మీ. మీ ముత్తాత కోతలు కోయలేదు" అన్నాను. కుర్రాడి మొహం వెలిగింది. మిగతా ముగ్గురూ "గట్లైతే దాని కథేందో చెప్పుండ్రి" అని పట్టుబట్టారు. నాకేమో బస్సు వేళయింది. అంచేత ఆ బాకీ ఈ వారం ఇక్కడ తీరుస్తున్నాను. కథలో హీరో ఒక ఫ్రెంచి తుపాకి, ఇంకో ఫ్రెంచి తుపాకిది విషాద పాత్ర. చిత్తగించండి.

ఎఫ్.ఎం. అంటే పాటలు కావు

మన పత్రికల భాషలో మెషిన్‌గన్‌ను మరతుపాకి అన్నారు. చక్కని మాట. 1884లో హైరమ్ మాక్సిమ్ అనే ఆయన మొదటి అసలైన మరతుపాకి తయారుచేశాడు. మీట నొక్కి పట్టుకుంటే చాలు, దానంతట అదే పేల్చుకుంటూ పోతుంది. కాని అది మహా బరువు. వేడెక్కకుండా గొట్టం చుట్టూ నీళ్ళు పోయాలి, కింద స్టాండు ఉండాలి, మోయడానికి ఓ జట్టు కావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు కందకాల్లోంచి లేచి ముందుకు పరిగెత్తాల్సి వచ్చేసరికి దాన్ని వెంట తీసుకుపోవడం గగనమైపోయింది. ఒక్క మనిషి ఎత్తుకుని పరిగెత్తగలిగే మరతుపాకి కావాలి. అదే తేలికపాటి మరతుపాకి. ఇంగ్లీషువాళ్ళు పొట్టిగా ఎల్.ఎం.జి. అన్నారు. ఫ్రెంచివాళ్ళు 'ఫ్యుజీ మిత్రయ్యోర్' అని, పొట్టిగా ఎఫ్.ఎం. అన్నారు. మనకు ఎఫ్.ఎం. అంటే పొద్దున్నే పాటలు. ఆ రోజుల్లో ఫ్రెంచి సిపాయికి ఎఫ్.ఎం. అంటే వీపు మీద తొమ్మిది కిలోల ఇనుము!

సైకిళ్ళ కంపెనీ తుపాకి

ఆ ఎఫ్.ఎం.లలో మొదట పేరు మోసింది, తర్వాత పేరు పోగొట్టుకున్నది 1915 మోడలు. దాని అసలు పేరు సి.ఎస్.ఆర్.జి. ఈ నాలుగక్షరాలూ అచ్చం మన సినిమా టైటిల్సే. సి అంటే షోషా, తుపాకిని రూపొందించిన సైనికాధికారి. ఎస్ అంటే సుటెర్, ఆయనకు తోడు నిలిచిన పనివాడు. ఆర్ అంటే రిబెరోల్, ఫ్యాక్టరీ నడిపించినాయన. జి అంటే గ్లాడియేటర్, ఆ ఫ్యాక్టరీ. ఇంతకీ ఆ ఫ్యాక్టరీ ఏం తయారుచేసేదో తెలుసా? సైకిళ్ళు, మోటారు కార్లు! పారిస్ పక్కనే ఉంది. యుద్ధమొచ్చి మీద పడింది, ఆయుధ కర్మాగారాలన్నీ తలమునకలుగా ఉన్నాయి. దాంతో సైకిళ్ళ కంపెనీకి మరతుపాకి పని అప్పజెప్పారు. రెండు లక్షల అరవై వేల పైచిలుకు తుపాకులు తయారయ్యాయి. ఆ యుద్ధంలో అన్ని తేలికపాటి మరతుపాకులు ఇంకే దేశమూ చెయ్యలేదు.

రచయిత, సహాయకుడు, ప్రొడక్షన్ మేనేజరు, బేనరు: నలుగురి పేర్లూ ముద్దుగా టైటిల్సులో పడ్డాయా! లోకం మాత్రం మొదటి పేరొక్కటే పట్టుకుంది. దానికి కారణం మెప్పు కాదండోయ్, తిట్లు. ఫ్రెంచి తూటా అడుగున లావు, పైన సన్నం. అలాంటి తూటాల్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తే వరస వంకర తిరుగుతుంది. అంచేత తూటాల పెట్టె అర్ధచంద్రాకారంలో చేశారు. అందులో 20 తూటాలు పడతాయి. ఎన్ని మిగిలాయో సిపాయికి కనిపించాలని పెట్టెకు ఓ పక్క కిటికీల్లా సందులు వదిలారు. కందకంలో ఉండేది బురద. ఆ సందుల్లోంచి బురద లోపలికి పోయింది, తుపాకి ఇరుక్కుపోయింది. ఎదురుగా శత్రువు వస్తుంటే చేతిలో తుపాకి మొరాయిస్తే ఆ సిపాయి ఎవర్ని తిడతాడు? పేరు తెలిసినవాణ్ణే తిడతాడు.

దీనికి తోడు 1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. వాళ్ళ దగ్గర సరిపడా మరతుపాకుల్లేవు. ఫ్రాన్సు నుంచి షోషాలు తీసుకున్నారు. దాదాపు 16 వేలు ఫ్రెంచి తూటాతోనే పనిచేసేవి. అవి ఏదో నెట్టుకొచ్చాయి. తర్వాత అమెరికా తూటాకు సరిపోయేలా మార్చిన రకం వచ్చింది. తూటా కూర్చునే గది కొలత తప్పింది. పేలిన తూటా గుల్ల బయటికి రాక లోపలే అతుక్కుపోయేది. అమెరికా కుర్రాళ్ళు ఆ పేరును 'షోషో' అని వంకర్లు తిప్పి పాడుపెట్టేశారు. ఫ్రెంచిలో ఆ పేరును విడగొట్టి పలికితే 'వేడి పిల్లి' అనే అర్థం కూడా తోస్తుంది. ఇక ఎగతాళికి కొదవేముంది!

అలా 'ప్రపంచంలోకెల్లా చెత్త మరతుపాకి' అన్న బిరుదు ఒక మనిషి పేరుకు శాశ్వతంగా అంటుకుపోయింది. కొలత తప్పించిన వాళ్ళ పేరు ఎవరికీ తెలీదు. తొందరపెట్టిన పెద్దలు తప్పుకున్నారు. అదే తుపాకి పట్టుకుని నాలుగేళ్ళ యుద్ధం గెలిచిన ఫ్రెంచి సిపాయిల మాట ఎవరూ ఎత్తరు. సినిమా ఫ్లాపయితే హీరోనే తిడతాం, ఎడిటింగ్ రూములో ఏం జరిగిందో మనకెందుకు? ఇదీ అలాంటిదే.

అంకెల పేరు

యుద్ధం అయిపోయాక ఫ్రెంచివాళ్ళు బుద్ధి తెచ్చుకుని తాపీగా కూచుని కొత్త ఎఫ్.ఎం. తయారుచేశారు. అది 1924 మోడలు. దాని తూటా పొడవును 1929లో నాలుగు మిల్లీమీటర్లు తగ్గించారు. తుపాకిని అందుకు తగ్గట్టు సవరించారు. అంచేత దాని పేరు ఎఫ్.ఎం. 24/29. మనిషి పేరు లేదు, రెండు సంవత్సరాలు మాత్రం ఉన్నాయి, పరీక్ష హాల్ టికెట్ మీద నంబరులాగా. తయారైన ఊరు షాతెల్రో కనక జనం ఊరి పేరు పెట్టి పిలిచారు. రూపకర్త రైబెల్ పేరు మాత్రం దీని అన్నదమ్ముడికి దక్కింది. అది సరిహద్దు కోటల్లో బిగించడానికి 1931లో చేసిన రకం. ఫ్రెంచివాడు ఆ పేరును పలికితే మన చెవికి ఇంచుమించు 'రెబెల్' అనే వినపడుతుంది. కృష్ణంరాజు అభిమానులు సంతోషించవచ్చు!

24/29 మంచి తుపాకి. రెండో ప్రపంచ యుద్ధంలో, ఇండో చైనాలో, అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం వెంటే తిరిగింది. ఫ్రాన్సు తుపాకులు చెయ్యలేదన్న నిందను మాపింది. కాని నింద తెచ్చిన పేరు అందరికీ తెలుసు, నింద మాపిన పేరు తుపాకుల పుస్తకాలు తిరగేసేవాళ్ళకే తెలుసు.

మన వీబీ ఇదే

ఇక ఎల్లారెడ్డి తమ్ముడి ముత్తాత దగ్గరికి వద్దాం. షోషా కథ నడిచిన కాలంలోనే ఫ్రాన్సులో బెర్తియే అనే ఇంకో రూపకర్త ఉన్నాడు. మొదటి యుద్ధానికి ముందే ఓ తేలికపాటి మరతుపాకి గీసి పెట్టుకున్నాడు. తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత గొట్టానికున్న చిన్న రంధ్రం గుండా కిందికి దిగుతుంది, ఒక పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది, ఆ తోపుతో ఖాళీ గుల్ల బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది. ప్రెషర్ కుక్కర్ ఆవిరితో విజిల్ లేస్తుంది చూడండి, ఆ బలమే ఇక్కడ ఇనుమును కదిలిస్తుంది.

కథ బాగుంది, నిర్మాత దొరకలేదు. చివరికి 1925లో ఇంగ్లండుకు చెందిన వికర్స్ కంపెనీ ఆ హక్కులు కొనుక్కుంది. మార్పులు చేసి వికర్స్-బెర్తియే అని పేరుపెట్టింది. బేనరు పేరు ముందు, రచయిత పేరు వెనక! అయినా పడిందిగా, అదే పదివేలు. బ్రిటిష్ సైన్యం అప్పట్లో పాత తుపాకి మార్చాలని పోటీలు పెడుతోంది. వాళ్ళింకా పరీక్షలు చేస్తుండగానే, 1930ల తొలి ఏళ్ళలో, భారత సైన్యం దీన్ని ఎంచుకుంది. కలకత్తా దగ్గర ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో మనవాళ్ళే తయారుచేశారు. తూటాల పెట్టె పైన, కాస్త వంగి ఉంటుంది. అందులో 30 తూటాలు. ముందు రెండు కాళ్ళు. బరువు దాదాపు పదకొండు కిలోలు.

'వికర్స్-బెర్తియే' అని సిపాయి నోరు తిరుగుతుందా? రెండక్షరాలకు కుదించేశారు. వీబీ! అంతే, బెర్తియే అన్న మనిషి 'బీ' అనే అక్షరమై కూర్చున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు భారత సైన్యం చేతిలో ఉన్న తేలికపాటి మరతుపాకి ఇదే. ఆ యుద్ధం ముగిసేసరికి మన సైన్యం దాదాపు పాతిక లక్షలకు పెరిగింది. అందరూ తమంతట తాము చేరినవాళ్ళే, ఆ రోజుల్లో ప్రపంచంలో అంత పెద్ద స్వచ్ఛంద సైన్యం ఇంకోటి లేదు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ నోట్లో నానిన మాట వీబీ. ఇంటికొచ్చి మనవళ్ళకు చెబితే అది కోత ఎలా అవుతుంది?

పోటీలో గెలిచినవాడు

మరి వీబీ ఎందుకు మరుగున పడింది? బ్రిటిష్ వాళ్ళ పోటీలో చివరి రౌండుకు వచ్చినవాటిలో ఇదీ ఒకటి. గెలిచింది మాత్రం చెక్ దేశపు తుపాకి. అది బ్ర్నో నగరంలో పుట్టింది, ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్‌లో తయారైంది. రెండు ఊళ్ళ మొదటి రెండేసి అక్షరాలు కలిపి బ్రెన్ అన్నారు. అసలు రూపకర్త వాట్స్‌లావ్ హోలెక్. ఆయన పేరు అందులో ఎక్కడైనా వినపడుతోందా? లేదు. ఊళ్ళకు టైటిల్ దక్కింది, మనిషికి దక్కలేదు.

స్టెన్ సంగతి ఇంకో తమాషా. 1941లో పుట్టింది. ఎస్ అంటే షెపర్డ్, టీ అంటే టర్పిన్, ఈఎన్ అంటే మళ్ళీ ఎన్‌ఫీల్డ్. ఇద్దరు మనుషులూ ఒక ఊరూ కలిసి ఒక్క పొట్టి మాటలో కూర్చున్నారు. పలకడం తేలిక కాబట్టి మన తెలుగు సినిమా డైలాగుల్లోకి అదే దూరింది. గెలిచేది మంచి తుపాకి పేరు కాదు, నోటికి సులువైన పేరు.

వీబీ దురదృష్టం ఇంకోటుంది. చూపులకు అది బ్రెన్‌లాగే ఉంటుంది. రెండింటికీ పెట్టె పైనే, వంకరే, కాళ్ళు రెండే. వీబీ కాస్త సన్నగా, కాస్త పొడుగ్గా ఉంటుంది. పాత యుద్ధం ఫోటోల్లో మన సిపాయి వీబీ పట్టుకుంటే కింద బ్రెన్ అని రాసేసిన సందర్భాలున్నాయి. డూపు ఫైటు చేస్తే పేరు హీరోకి పోయినట్టు! దాని సంతానమూ అంతే. ఇదే యంత్రాన్ని మార్చి విమానాల కోసం వికర్స్-కె అనే వేగమైన తుపాకి చేశారు. ఉత్తరాఫ్రికా ఎడారిలో బ్రిటిష్ కమాండోలు జీపుల మీద బిగించుకుని తిరిగింది దానినే. హాలీవుడ్ రకం సాహస గాథలకు పనికొచ్చిన ఆ తుపాకి పేరులో బెర్తియే 'బీ' కూడా లేదు.

పేరు పోయినా పని ఉంటుంది

ఫ్రెంచివాళ్ళ పేర్లు మన గడ్డ మీద మారిపోవడం ఇప్పటిది కాదు. నిజాం అలీఖాన్ కొలువులో రేమాన్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. ఇంగ్లీషువాళ్ళు రేమండ్ అన్నారు. హైదరాబాదులో ఫిరంగులు పోత పోయించాడు. ఈ రోజుకీ అక్కడి పేటను గన్‌ఫౌండ్రీ అంటున్నాం. 1798లో చనిపోయాడు. మూసా అంటే ఫ్రెంచిలో 'అయ్యా' అనే 'మొస్యూ' మాటకు మన నోటి రూపం. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. సిటీ బస్సులో "మూసారాంబాగ్, మూసారాంబాగ్" అని కండక్టరు అరిస్తే దిగేవాళ్ళలో ఎందరికి తెలుసు, అది ఫ్రెంచి ఫిరంగీల దొర తోట అని? కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సు ఎక్కినవాడు ఎల్లారెడ్డి ఎవరని అడుగుతాడా? పేరు ఊరికి అంటుకున్నాక మనిషి జారిపోతాడు.

రేమాన్ పోయిన ఏడాదే ఇంగ్లీషువాళ్ళు అతని ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. తర్వాత 1813లో రెసిడెంటు రస్సెల్ నిజాం కోసం ఇంగ్లీషు అధికారుల కింద కొత్త దళం పెట్టాడు. అదే పెరిగి పెరిగి 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటు అయింది. విచిత్రమేమిటంటే, రాను రాను అందులో మన దక్కనువాళ్ళు తగ్గిపోయారు. కుమావూ కొండలవాళ్ళు, అహీర్లు, జాట్లు నిండారు. 1945లో పేరు కూడా మార్చి కుమావూ రెజిమెంటు అన్నారు. హైదరాబాద్ అన్న మాట టైటిల్సులోంచి అలా ఎగిరిపోయింది.

ఆ హైదరాబాద్ రెజిమెంటులో 1942లో ఓ కుర్ర అధికారి చేరాడు. పేరు సోమనాథ్ శర్మ. 1947 నవంబరు 3న కాశ్మీరులోని బడ్గామ్ దగ్గర మేజర్‌గా కుమావూ దళాన్ని నడిపిస్తున్నాడు. ఎడమ చేతికి ప్లాస్టరు కట్టు. శత్రువులు ఏడింతలున్నారు. తుపాకి పట్టలేడు కనక, తేలికపాటి మరతుపాకులు పేల్చేవాళ్ళ దగ్గరికి తిరుగుతూ తానే తూటాల పెట్టెలు నింపి అందించాడు. అలా అందిస్తుండగానే పేలుడులో ప్రాణం విడిచాడు. మన దేశపు మొట్టమొదటి పరమవీర చక్ర ఆయనదే. పేల్చినవాడి వెనక తూటాలు నింపినవాడున్నాడని గుర్తుచేసిన పురస్కారం అది. శ్రీనగర్ విమానాశ్రయం నిలిచింది.

మీరే పట్టుకోండి

ఇక నలుగురు మిత్రులూ కీచులాడుకోకుండా నాలుగు గుర్తులు చెబుతాను. పెట్టె ఎడమ పక్కకు ఉంటే స్టెన్. 1941కి ముందు జరిగే కథలో అది కనిపిస్తే ఈల వెయ్యండి. పెట్టె పైన ఉంటే బ్రెన్, లేదా వీబీ. బ్రెన్ తయారీ 1937లో మొదలైంది. 1920ల కథలో అది కనిపిస్తే రెండు ఈలలు వెయ్యండి. అర్ధచంద్రాకారపు పెట్టె కింద వేలాడుతుంటే షోషా. పైన పళ్ళెంలా గుండ్రటి పెట్టె, లావుపాటి గొట్టం ఉంటే మొదటి యుద్ధం నాటి లూయిస్.

షూటింగులో పేలేవి గుండు లేని ఉత్తుత్తి తూటాలు. ఇందాక చెప్పిన పిస్టన్ కదలాలంటే వాయువు ఒత్తిడి కావాలి. ముందు గుండు అడ్డు లేకపోతే ఒత్తిడి నిలవదు. అందుకని గొట్టం మూతిలో చిన్న బెజ్జమున్న బిరడా బిగిస్తారు. అప్పుడే వరసగా పేలుతుంది. ఈ రోజుల్లో చాలాచోట్ల డమ్మీ పట్టించి మంటను కంప్యూటరు మీద గీస్తున్నారు. డమ్మీ అయినా సరే, కథ జరిగిన సంవత్సరానికి సరిపోయే తుపాకి పెట్టమని ఆర్ట్ డైరెక్టర్లకు నా మనవి. రెండో యుద్ధంలో మన సిపాయి కథ తీసేవాళ్ళెవరైనా ఉంటే, ఆ తొలి సీన్లలో అతని చేతికి వీబీ ఇవ్వండి. తుపాకి మీద మోజుతో అడగడం లేదు. పాతిక లక్షల మంది మాటలో ఒక్కటైనా నిజంగా తెర మీద నిలవాలని.

మీ ఇళ్ళల్లో మిలట్రీ బట్టల్లో ఉన్న తాతల ఫోటోలు ఎక్కడో ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. తీసి వెనక్కి తిప్పి చూడండి. రెజిమెంటు పేరో, ఊరి పేరో, ఏడాదో రాసి ఉంటుంది. లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి మీరే రాసిపెట్టండి. సినిమా అయిపోగానే లేచిపోయే అలవాటు మనందరిదీ. పేర్లన్నీ పడేది అప్పుడే.